జపాను దేశమున పొగాకు మర్యాద

వ్యాపారి తన సరుకును పొగడుకొనుట లోకసహజము. నేతివర్తకుడు తన నేయి కమ్మనిదనును. బట్టలవర్తకుడు తన చీర రంగు పోదనును. కాని సరుకు పేరైన నెత్తక, దానిని కొనుడని యడుగక, ధనము వెచ్చించి జనులకు మర్యాదలు బోధించు వర్తకుడు ఎక్కడనైన గలడా యనిన, జపాను దేశమున గలడని చెప్పవచ్చును. ఆ దేశపు జపాన్ టొబాకో కంపెనీ 21వ శతాబ్ది ఆరంభము నుండి రైలుస్టేషనులలోను, పత్రికలలోను, టెలివిజనులోను సిగరెట్టు కాల్చువాడు నలుగురిలో నెట్లు మెలగవలెనో, మనుష్యుడు తోడి మనుష్యుని నెట్లు తలచుకొనవలెనో చెప్పు ప్రకటనలు వేయించుచు వచ్చినది. ఈ వింత యెట్లు పుట్టినది? దీనివలన నెవరికి మేలు కలిగినది? ఇది విచారింపదగిన విషయము.

పొగాకు జపానునకు 16వ శతాబ్ది చివరిభాగమున పోర్చుగీసువారి మూలమున వచ్చినది. నేటికిని ఆ భాషలో దానిపేరు తబాకోయే. తొకుగావా ప్రభువులు 1612 ప్రాంతము మొదలుకొని పలుమారులు దానిని నిషేధించిరి. కొయ్యయిండ్ల పట్టణములకు అగ్నిభయ మొక కారణము. ధాన్యము పండు భూములు పొగాకు పాలగునను చింత మఱియొక కారణము. ఆజ్ఞలు నిలువలేదు. జనులు సన్నముగా తరిగిన ఆకును కిసేరు అను సన్నని గొట్టపు కొనయందలి చిన్నగిన్నెలో నుంచి పీల్చుట కలవాటుపడిరి. ఇంటికి వచ్చిన యతిథి ముందు నిప్పుగిన్నెయు, బూడిదపాత్రయు గల తబాకో-బొన్ అను పళ్లెము నుంచుట గౌరవచిహ్న మయ్యెను. మన యిండ్ల తాంబూలపు పళ్లెమువంటి దిదియని చదువరులు గ్రహింపవచ్చును. పొగాకునకును మర్యాదకును అక్కడ చుట్టరికము ఇట్లు పాతదే. అయినను ఆనాటి మర్యాద యెదుటివానికి పొగ నందిచ్చుట. ఈనాటి మర్యాద యెదుటివానికి పొగ తగులనీయకుండుట. ఈ రెంటి నడుమ నాలుగు వందల యేండ్ల కథ యున్నది.

మెయిజీ యుగమున సిగరెట్టులు వచ్చినవి. వానితోబాటు ప్రకటనల యుద్ధమును వచ్చినది. క్యోటో నగరపు మురాయి కిచిబే అమెరికా పద్ధతుల ననుసరించి పెట్టెలలో బొమ్మల చీట్లు పెట్టి సిగరెట్టుల నమ్మెను. తోక్యో గింజా వీధిలో ఇవాయ మత్సుహేయి, తెంగు అను పొడుగుముక్కు దేవత పేర సిగరెట్టులు చేయించి, దుకాణమునకు ఎఱ్ఱరంగు వేయించి, తాను ప్రభుత్వమునకు కట్టు పన్ను ఇంతయనియు, తాను పోషించు పనివా రింతమందియనియు చాటించుకొనెను. పొగాకు వర్తకుడు దేశోపకారి వేషము వేయుట ఇట్లు 19వ శతాబ్ది చివరనే యారంభమైనది.

ఆ కాలముననే సంస్కర్తల గొంతుకయు వినవచ్చినది. నెమొతో షో అను శాసనసభ్యుని కృషివలన 1900లో 20 ఏండ్లు నిండనివారు పొగత్రాగరాదని శాసన మేర్పడెను. బాలునకు సిగరెట్టు అమ్మిన వర్తకుడే కాక, తెలిసియు నూరకున్న తల్లిదండ్రులును దాని క్రింద దండనార్హులు. 2022లో జపానున వయోజనత 18 ఏండ్లకు తగ్గినను, పొగాకు విషయమున 20 ఏండ్ల కట్టడి యట్లే నిలిచినది.

కాని 1904లో రష్యాతో యుద్ధము వచ్చినప్పుడు ప్రభుత్వమునకు ధనము కావలసివచ్చి, సిగరెట్టుల తయారీని గుత్తాధికారముగా తన చేతిలోనికి తీసికొనెను. నాటినుండి దొరయే దుకాణదారు. ప్రజల యారోగ్యమును కాపాడవలసిన చేయియు, పొగాకు సొమ్ము లెక్కించు చేయియు నొక్కటే యయ్యెను. 1949లో ఈ వ్యాపారము ఒక ప్రభుత్వసంస్థ క్రిందికి వచ్చెను. ఆ సంస్థ 1950 దశాబ్దమున వేయించిన యొక గోడప్రకటన, ఈనాడును ఒడలు కులాసాగా నున్నది, పొగాకు రుచిగా నున్నదని చాటినది. ఆరోగ్యమునకు పొగాకురుచియే గుఱుతన్నమాట! 1966లో ఆ సంస్థ లెక్కల ప్రకారము పురుషులలో నూటికి 83.7 మంది పొగత్రాగువారు.

మెల్లమెల్లగా కాలము మాఱెను. 1972లో సిగరెట్టు పెట్టెలపై, ఆరోగ్యముకొఱకు మితిమీఱి త్రాగకుడను హెచ్చరిక వెలసెను. 1974లో ఆ సంస్థయే ‘స్మోకిన్ క్లీన్’ అను పేర, పీకలను వీధులలో పాఱవేయక శుభ్రముగా త్రాగుడను ప్రచారము నారంభించెను. మర్యాదబోధ కిదియే తొలిమెట్టు. మితిమీఱకుడను మాటయందును, శుభ్రముగా త్రాగుడను మాటయందును, త్రాగుట మానుడను మాట లేకుండుట గమనింపదగినది.

ఇంతలో 1981లో తకేషి హిరయామ అను జపాను వైద్యశాస్త్రజ్ఞుడు ఒక పరిశోధన ప్రకటించెను. తాము పొగత్రాగని 91,540 మంది గృహిణుల యారోగ్యమును 14 ఏండ్లు కనిపెట్టి చూడగా, భర్త పొగత్రాగని స్త్రీలకంటె, భర్త విస్తారముగా త్రాగు స్త్రీలు ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించుట హెచ్చని తేలినది. పొగాకు వర్తకుల పక్షమున దీనిపై తీవ్రఖండనలు బయలుదేఱెను. కాని పిమ్మట పలుదేశముల పరిశోధనలు ఈ నిర్ణయమునే బలపఱచినవి. ఈ గృహిణులయెడ వారి భర్తలు మర్యాద తప్పిరా? లేదు. వారు పీకలను వీధిలో వేయలేదు. ఎవరి కోటును కాల్చలేదు. తమ యింట తాము కూర్చుండి పొగత్రాగిరి. అంతియే.

1985లో గుత్తసంస్థ జపాన్ టొబాకో అను కంపెనీగా మాఱెను. అయినను వాటాలలో మూడవవంతునకు మించి ప్రభుత్వము చేతనే యుండవలెనని శాసనము. 1998లో పొగాకు వర్తకులు సిగరెట్టుల ప్రకటనలను టెలివిజను, రేడియో, సినిమాలనుండి తమంతట తామే విరమించుకొనిరి. సరుకును చూపుటకు వీలు లేదు. కంపెనీ పేరు చూపుటకు మాత్రము అడ్డు లేదు. ఆ సందున మర్యాదయు, మానవప్రేమయు ప్రవేశించినవి.

బుంపే యొరిఫుజి అను చిత్రకారుడు ‘పెద్దలకు పొగాకు శిక్షణ’ అను పరిహాసపు బొమ్మల నీ కంపెనీకొఱకు గీసెను. 2004 ప్రాంతమున వెలసిన ఆకుపచ్చ గోడప్రకటనలు మఱింత ప్రసిద్ధములు. ఒకదానిలో మనిషి తన చేతిలో 700 డిగ్రీల నిప్పు పట్టుకొని జనులనడుమ నడచుచున్నానని గ్రహించును; మఱియొకదానిలో, సిగరెట్టు పట్టిన చేయి పసివాని ముఖమంత యెత్తున నున్నదని తెలిసికొనును. 2004లోనే వీధులలో చెత్త యేఱుట కొక యుద్యమమును ఈ కంపెనీ నడిపెను. తరువాత ‘మనుష్యుల కాలమును తలచుట’ యను భావముగల వాక్యము తన నినాదముగా చేసికొని, తల్లిదండ్రులను, మిత్రులను, తోడి యుద్యోగులను ప్రేమతో స్మరించు కథలను, పాటలను టెలివిజనులో వేయించెను. చూచువారి కన్నులు చెమర్చును; పొగ మాత్రము కానరాదు.

ఈ ప్రకటనలు వట్టి మోసమనుట న్యాయము కాదు. పసివాని ముఖమును తలచి ఒక్కడు సిగరెట్టు ఆర్పినను అది మేలే. కాని వీనిలో నొక సూక్ష్మమైన మార్పిడి యున్నది. నిప్పు, బూడిద, పీక, ఇవియే పొగాకు దోషములైనచో, వానిని సవరించుకొన్నవాడు నిర్దోషి. హాని యను ప్రశ్న పోయి సభ్యత యను ప్రశ్న మిగులును. సభ్యత యిరువైపులవారికిని వర్తించునది గనుక, త్రాగువాడు కొంత తగ్గవలెను, ప్రక్కవాడు కొంత ఓర్వవలెను. ఓర్చుకొను భాగ మెప్పుడును ఇంట నిల్లాలికిని, బిడ్డలకును వచ్చును. ఇల్లాలు మాటాడకున్నంతమాత్రమున ఆమె ఊపిరితిత్తులు సమ్మతించినట్లు కాదు.

తోక్యోలోని చియోదా పురపాలకులు ఈ సంగతి గుర్తించిరి. వారు 2002లో వీధులలో నడచుచు పొగత్రాగుటను నిషేధించి, తప్పినవారినుండి 2,000 యెన్లు వసూలు చేయించిరి. మర్యాదనుండి నియమమునకు, నియమమునుండి మరల మర్యాదకు అని వారి నినాదము. కేవల మర్యాదను నమ్ముకొన్నచో పని కాదని దీని తాత్పర్యము. 2018లో సవరింపబడి 2020 ఏప్రిలు నుండి పూర్తిగా అమలైన దేశశాసనము, జనులు చేరు భవనములలోపల పొగత్రాగుటను సామాన్యముగా నిషేధించినది. చిన్న పూటకూళ్లకు మినహాయింపు లిచ్చిన లోపము దానియం దున్నది. 1966లో నూటికి 83.7గా నున్న పురుషుల సంఖ్య 2019 ఆరోగ్యశాఖ లెక్కలలో 27.1కి దిగినది. ఈ మార్పునకు శాసనములు, ధరలు, వైద్యుల బోధలు కారణములు. మర్యాద ప్రకటనల వంతెంతయో విడదీసి చెప్పుట కష్టము.

పొగాకు పండించు మండలములు గల మనకు ఈ కథ దూరపుకథ కాదు. సరుకును చూపక సద్గుణమును చూపు ప్రకటన యెదురైనప్పుడు, అది చెప్పినదానితోబాటు చెప్పక విడిచినదానినికూడ అడుగుట చదువుకొన్న కుటుంబములకు కర్తవ్యము. చావడిలోనికి పోయి చుట్ట కాల్చుకొను గృహస్థుని మర్యాదస్థుడని మెచ్చుకొనవచ్చును. కాని ఆ పొగ తలుపుసందుల గుండ లోపలికి వచ్చుచున్నదా యని యడుగు హక్కు లోపలనున్నవారిది. ఆ ప్రశ్న అడుగుట అమర్యాద కాదని మన బాలబాలికలకు నేర్పవలసియున్నది.