ఊపిరి బిగబట్టిన ఓడ

నీళ్ళల్లో మునగటం మనకేమంత కొత్త విద్య కాదు. కార్తీకమాసం వచ్చిందంటే తెల్లవారుజామున గోదావరిలోనో కృష్ణలోనో, ఏదీ దగ్గర లేకపోతే ఊరి చెరువులోనో, ముక్కు మూసుకుని మూడు మునకలు వేసేవాళ్ళమే అందరం. మూడో మునకకి ఊపిరాడక గబుక్కున తల పైకెత్తటమూ అందరికీ అనుభవమే. పుణ్యం మాట తరవాత, ముందు ఊపిరి మాట!

ఇక మునిగి దాక్కోవటం అంటారా, అదీ మనం ఎరగనిది కాదు. కురుక్షేత్రంలో అందర్నీ పోగొట్టుకున్న దుర్యోధనుడు జలస్తంభన విద్యతో మడుగులో దాక్కున్నాడు. పాండవులు గట్టున నిలబడి అనరాని మాటలన్నారు. పౌరుషం ఆపుకోలేక పైకి వచ్చాడు. వచ్చాడు గనకే చచ్చాడు. జలాంతర్గామి చరిత్రంతా ఈ ఒక్క కథలో ఇమిడి ఉందనిపిస్తుంది నాకు. కింద ఉన్నంతసేపూ దాన్ని పట్టుకోవటం బహు కష్టం. పైకి వచ్చిందా, దొరికిపోతుంది. అయితే అది పైకి వచ్చేది పౌరుషంతో కాదు, ఊపిరి కోసం.

"యుద్ధాల గొడవలు మనకెందుకమ్మా, వంటా వార్పూ చూసుకునేవాళ్ళం!" అంటారేమో. కాస్త ఓపిక పట్టండి. ఈ ఓడ కథ ఎక్కడెక్కడో తిరిగి చివరికి మన వంటింట్లోకే వస్తుంది.

నీటి కింద పడవ నడిపి చూపించిన మొదటి మనిషిగా డ్రెబెల్ అనే డచ్చి ఆయన పేరు చెబుతారు. 1620 ప్రాంతంలో, ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ కొలువులో ఉంటూ, తెడ్ల పడవకి తోలు తొడిగించి, కొవ్వు పూయించి, థేమ్స్ నదిలో ముంచి నడిపించాడు. అది వింతే గానీ యుద్ధం కాదు. యుద్ధంలోకి దింపినవాడు బుష్నెల్ అనే అమెరికా ఆయన. ఇంగ్లండు మీద తిరగబడ్డ రోజుల్లో, నిలబెట్టిన కోడిగుడ్డులాంటి చెక్క పీపా ఒకటి చేయించి దానికి 'టర్టిల్' అని పేరు పెట్టాడు. తాబేలన్నమాట! అందులో పట్టేది ఒక్క మనిషి. ఉన్న గాలి అరగంటకి సరి.

1776 సెప్టెంబరులో ఒక రాత్రి ఎజ్రా లీ అనే సైనికుడు అందులో కూర్చుని, న్యూయార్కు రేవులో ఉన్న 'ఈగిల్' అనే ఇంగ్లీషు యుద్ధనౌక కిందికి వెళ్ళాడు. ఒక చేత్తో పడవని నడిపే మర తిప్పాలి, ఇంకో చేత్తో చుక్కాని పట్టాలి, కాలితో మీట నొక్కి నీళ్ళు లోపలికి వదలాలి, తేలాలంటే ఆ నీళ్ళు పంపు కొట్టి బయటికి తోడాలి. పొద్దున్న ఎనిమిదింటికి ఒక పొయ్యి మీద పప్పూ, ఒక పొయ్యి మీద పాలూ, చంకలో పిల్లా ఉండగా నెగ్గుకొచ్చే మనకి ఇదొక పని కాదనుకోండి! కానీ ఆయన చీకట్లో చేశాడు. దీపం పెట్టుకుందామంటే దీపమూ గాలి తింటుంది కదా? అంచేత చీకట్లో మెరిసే బూజు పట్టిన కర్రముక్కలు దిక్సూచి దగ్గర అమర్చుకున్నారు. అయితే మందుగుండు పీపాని బిగించటానికి తెచ్చిన మర ఓడ అడుగున దిగనే లేదు. లీ పీపాని నీళ్ళకి వదిలేసి బయటపడ్డాడు. అది ఎవరికీ తగలకుండా నదిలో పేలింది.

ఆ తరవాత కథ అంత తేలిగ్గా నవ్వుకునేది కాదు. అమెరికాలో ఉత్తరాదీ దక్షిణాదీ కొట్టుకుంటున్న రోజుల్లో, దక్షిణాదివాళ్ళు 'హన్లీ' అనే ఇనప పడవ చేశారు. నలభై అడుగుల పొడుగు. ఏడుగురు ఒక వరసలో కూర్చుని చేతులతో ఇరుసు తిప్పితే అది కదిలేది. ముందు కెప్టెన్. 1863 ఆగస్టులో మూతలు తెరిచి ఉండగానే మునిగి అయిదుగురు పోయారు. పడవని పైకి లాగి, బాగు చేసి మళ్ళీ దింపారు. అక్టోబరులో మునిగి ఎనిమిది మందికి ఎనిమిది మందీ పోయారు. వాళ్ళలో, ఎవరి పేరు దానికి పెట్టారో ఆ హన్లీ కూడా ఉన్నాడు. మళ్ళీ పైకి లాగారు. శవాలు తీసి, కడిగి, శుభ్రం చేశారు. మళ్ళీ ఎనిమిది మంది ఎక్కారు! అంత తెలిసీ ఎల్లా ఎక్కారో, ఎక్కేముందు ఇంటికి ఏమని ఉత్తరం రాశారో అనిపిస్తుంది నాకు.

1864 ఫిబ్రవరి 17 రాత్రి ఆ పడవ చార్ల్స్‌టన్ రేవు బయట 'హూసటోనిక్' అనే యుద్ధనౌకని పేల్చి ముంచింది. జలాంతర్గామి యుద్ధంలో ఓడని ముంచటం ప్రపంచంలో అదే మొదలు. కానీ హన్లీ కూడా తిరిగి రాలేదు. లెక్క చూడండి. అది చంపిన శత్రువులు అయిదుగురు, పొట్టన పెట్టుకున్న సొంతవాళ్ళు ఇరవై ఒక్కరు.

ఈ లెక్క మార్చినవాడు హాలండ్ అనే బడిపంతులు. ఐర్లండులో పుట్టి అమెరికా చేరాడు. నీటి మీద ఉన్నప్పుడు పెట్రోలు ఇంజనుతో నడవాలి, అప్పుడే బ్యాటరీలు నింపుకోవాలి. మునిగాక ఆ బ్యాటరీలతో నడవాలి. ఇంజనుకి గాలి కావాలి, బ్యాటరీకి అక్కర్లేదు, అదీ కిటుకు. అమెరికా నౌకాదళం 1900లో ఆ ఓడని కొన్నది. మిగతా దేశాలూ ఊరుకోలేదు.

పధ్నాలుగేళ్ళు తిరిగేసరికి దాని దెబ్బ ఏమిటో లోకం చూసింది. 1914 సెప్టెంబరు 22 పొద్దున్న యు-9 అనే ఒక్క జర్మన్ పడవ గంటన్నర లోపల మూడు ఇంగ్లీషు యుద్ధనౌకల్ని ముంచింది. సుమారు 1,450 మంది పోయారు. మొదటి ఓడకి ఏదో మందుపాతర తగిలిందనుకుని, తోటివాళ్ళని కాపాడదామని మిగతా రెండూ ఆగాయి. ఆగటమే వాటి ప్రాణం మీదికి వచ్చింది.

అంతకు ముందు సముద్రం మీద యుద్ధానికీ ఒక నీతి ఉండేది. సరుకుల ఓడని ముంచాలంటే ముందు ఆపి, అందులోవాళ్ళని పడవల్లోకి ఎక్కించాలి. దాక్కుని కొట్టే ఓడ ఆ మర్యాద ఎక్కడ పాటిస్తుంది? 1915 మే 7న ఐర్లండు దగ్గర 'లూసిటేనియా' అనే ప్రయాణికుల ఓడ టార్పెడో దెబ్బకి పద్ధెనిమిది నిమిషాల్లో మునిగిపోయింది. పోయినవాళ్ళు దాదాపు 1,200. వాళ్ళలో ఆడవాళ్ళున్నారు, చంటిపిల్లలున్నారు.

జర్మనీ అసలు గురి మటుకు ఇంగ్లండు వంటిల్లు. ఆ దేశం తిండి చాలామటుకు ఓడల మీద రావాలి. ఆ ఓడల్ని ముంచితే పొయ్యిలో పిల్లి లేవదు. 1917 ఏప్రిల్ ఒక్క నెలలో ఎనిమిది లక్షల టన్నులకి పైగా ఓడలు సముద్రం పాలయ్యాయి. మర్నాటి ఏడు ఇంగ్లండులో పంచదారకీ, మాంసానికీ, వెన్నకీ రేషను పెట్టారు. రెండో యుద్ధంలో మళ్ళీ అదే వరస. 1940 జనవరిలో మొదలైన రేషను, యుద్ధం అయిపోయినా, పూర్తిగా పోయేసరికి 1954 జులై అయింది. పధ్నాలుగేళ్ళు! రేషను షాపు ముందు సంచీ పట్టుకుని నిలబడ్డ అనుభవం ఉన్నవాళ్ళకి ఆ ఇల్లాళ్ళ సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు.

ముంచినవాళ్ళేమైనా సుఖపడ్డారా అంటే అదీ లేదు. యు-బోట్లలో ఎక్కువగా తిరిగిన రకంలో రెండే మరుగుదొడ్లు. బయల్దేరేటప్పుడు ఒకదాన్ని తిండి సామానుతో నింపేసేవారు. అది తిని ఖాళీ చేసేదాకా నలభై మందికి పైగా మిగిలిన ఒక్కదానితోనే సర్దుకోవాలి. బ్యాటరీలు నింపుకోవటానికి రాత్రిళ్ళు పైకి రాక తప్పదు. వస్తే విమానాల రాడారు కనిపెట్టేది. యుద్ధం చివరికొచ్చాక, గొట్టం ఒకటి పైకి పెట్టి ఓడ మునిగి ఉండగానే గాలి పీల్చే ఏర్పాటు చేశారు గానీ, అప్పటికే ఆలస్యమైంది. యు-బోట్లలో పనిచేసిన సుమారు నలభై వేల మందిలో ముప్ఫై వేల మంది దాకా ఇంటికి రాలేదు. నలుగురిలో ముగ్గురు!

బ్యాటరీలతో నడిచే జలాంతర్గామి లోపల ఎల్లా ఉంటుందో చూడాలంటే జర్మనీ దాకా వెళ్ళక్కర్లేదు. విశాఖపట్నం రామకృష్ణా బీచిలో 'కురుసుర' ఉంది. 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002 ఆగస్టు నుంచి మ్యూజియంగా ఒడ్డున కూర్చుంది. నేనూ వెళ్ళి చూశాను. పొడుగు తొంభై మీటర్ల పైమాటే గానీ, లోపల ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి ఒత్తిగిలాలి. అందరూ టార్పెడోలు చూస్తుంటే నా కళ్ళు వంటింటి మీద పడ్డాయి. మన అటక అంత ఉంది! డెబ్బై అయిదు మందికి అందులో మూడు పూటలా ఎల్లా వండారో ఆ మహానుభావులు. పడకలు చూశాక మన రైలు బెర్తు పందిరిమంచంలా తోచింది.

ఆ విశాఖ సముద్రంలోనే ఇంకో జలాంతర్గామి ఉంది, అడుగున. పాకిస్తాన్ వారి 'ఘాజీ'. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చి, 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో రేవు బయటే మునిగిపోయింది. ఎల్లా మునిగిందన్నదానికి మనవాళ్ళు ఒకటి చెబుతారు, వాళ్ళు ఒకటి చెబుతారు. తొంభై మందికి పైగా ఉన్నారు అందులో. ఒక్కరూ మిగల్లేదు. తరవాత ఆరు రోజులకే, డిసెంబరు 9 రాత్రి, అవతల డయ్యూ దగ్గర మన 'ఖుక్రీ'ని వాళ్ళ 'హంగోర్' అనే జలాంతర్గామి ముంచింది. 18 మంది ఆఫీసర్లూ, 176 మంది నావికులూ పోయారు. కెప్టెన్ ముల్లా ఓడని వదల్లేదు, ఓడతోనే వెళ్ళిపోయాడు. ఒక్క వారంలో అక్కడ కొన్ని ఇళ్ళలో, ఇక్కడ కొన్ని ఇళ్ళలో ఒకే ఏడుపు.

ఊపిరి సమస్య ఎప్పటికైనా తీరిందా? ఓడ మటుకు తీర్చుకుంది. 1955 జనవరిలో అమెరికా వారి 'నాటిలస్' అణుశక్తితో ప్రయాణం కట్టింది. దాని యంత్రానికి గాలితో పని లేదు. 1958లో ఉత్తర ధ్రువం మీది మంచు కిందనుంచి అవతలికి దాటిపోయింది. 1960లో 'ట్రైటన్' అరవై రోజుల్లో భూమి చుట్టూ మునిగే తిరిగి వచ్చింది. ఈ ఓడలు సముద్రపు నీళ్ళని విడగొట్టి ఆక్సిజన్ తామే చేసుకుంటాయి, మంచినీళ్ళూ చేసుకుంటాయి. అలిసిపోవటం లేదు, ఇంధనానికి వెతుకులాట లేదు. మరి ఎందుకు పైకి వస్తాయంటారు? సరుకులైపోయి! అవునండీ, మూడు నెలలు తిరిగేసరికి బియ్యం డబ్బా అడుగంటినట్టు వాటి కొట్టుగదీ అడుగంటుంది. ఇంత సైన్సు చదివి, ఇంత లోతుకి దిగి, చివరికి ఆ మహా నౌకని ఒడ్డుకి లాక్కొచ్చేది వంటిల్లే. నే ముందే చెప్పాను కదూ!

ఓడ ఊపిరి అరగంట నుంచి మూడు నెలలకి పెరిగింది, బాగానే ఉంది. లోపలి మనిషి ఊపిరి మాత్రం ఎజ్రా లీ నాడు ఎంతో ఈనాడూ అంతే. 2000 ఆగస్టు 8న, 136 ఏళ్ళ తరవాత, హన్లీని సముద్రంలోంచి పైకి తీశారు. అందులోవాళ్ళు ఎక్కడ కూర్చుని ఇరుసు తిప్పారో అక్కడే ఉన్నారు, ఎముకలుగా. కెప్టెన్ డిక్సన్ దగ్గర, అంతకు ముందొక యుద్ధంలో తుపాకిగుండు తగిలి వంగిన బంగారు నాణెం దొరికింది. ఆ గుండు నుంచి తన ప్రాణం కాపాడిందని దాని మీద చెక్కించుకుని దగ్గరే ఉంచుకున్నాడు పాపం.

హన్లీ పైకి వచ్చిన నాలుగో రోజున, ఆగస్టు 12న, రష్యా వారి అణు జలాంతర్గామి 'కర్స్క్' పేలి కిందికి వెళ్ళిపోయింది. మొత్తం 118 మంది. పేలుడు నుంచి బతికిన 23 మంది వెనక గదిలోకి చేరారు. కొలెస్నికోవ్ అనే ఆఫీసరు ఆ చీకట్లోనే కాయితం మీద అందరి పేర్లూ రాశాడు, భార్యకి నాలుగు మాటలు రాశాడు. పెళ్ళై నెలలే అయింది. కాయితం దొరికింది, మనుషులు దక్కలేదు. అణుశక్తి ఉంది, ఊపిరి లేదు.

ఇక ఆడవాళ్ళు ఒడ్డునే ఉండి ఎదురుచూస్తారన్న మాట కూడా పాతబడింది. నార్వే 1985లో జలాంతర్గాముల్లోకి ఆడవాళ్ళని రానిచ్చింది. 1995లో సోల్వేగ్ క్రే అనే ఆవిడ ఏకంగా కెప్టెన్ అయింది. 2017 నవంబరులో అర్జెంటీనా వారి 'సాన్ హువాన్' 44 మందితో మునిగిపోతే, అందులో ఎలియానా క్రావ్‌చిక్ అనే ఆవిడ కూడా ఉంది. ఆ దేశంలో మొదటి మహిళా జలాంతర్గామి ఆఫీసరు ఆవిడే.

నాటిలస్‌ని నీళ్ళలోకి దింపినప్పుడు అమెరికా అధ్యక్షుడి భార్య షాంపేన్ సీసా పగలగొట్టింది. మనం కట్టుకున్న మొదటి అణు జలాంతర్గామి 'అరిహంత్'ని 2009 జులై 26న విశాఖలో దింపినప్పుడు, ప్రధాని మన్మోహన్ సింగ్ గారి భార్య గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టారు. ఆయుధానికి కొబ్బరికాయ ఏమిటని అడగబుద్ధి కాదు నాకు. గుమ్మం దాటి దూరం వెళ్ళేవాళ్ళకి ఎదురొచ్చే ఇల్లాలు కోరుకునేది ఒకటే కదా, క్షేమంగా తిరిగి రమ్మని. జలాంతర్గాముల వాళ్ళలో ఒక లెక్క ఉందిట: ఎన్నిసార్లు మునిగామో అన్నిసార్లూ తేలాలి, ఒక్కటి కూడా తక్కువ కాకూడదు. ఇంతకంటే పెద్ద లెక్క ఏ దేశానికీ వద్దు.