ఏ ఉదయగిరి? ఏ ఆత్మకూరు? సెర్చ్‌లో మన ఊళ్లు ఎందుకు వెనకబడ్డాయి

ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్ తీసి, ఇంగ్లీషు అక్షరాల్లో ఉదయగిరి అని ఒక్క మాట కొట్టి వెతకండి. నేను వెతికినప్పుడు ముందొచ్చినవి భువనేశ్వర్ దగ్గరి గుహలు, అదే, ఖారవేలుడి హాతిగుంఫా శాసనం ఉన్న కొండ. తర్వాత మధ్యప్రదేశ్‌లో విదిశ దగ్గర గుప్తుల కాలం గుహలు. ఆ కింద కన్యాకుమారి జిల్లాలో డచ్చి సేనాని డిలనాయ్ సమాధి ఉన్న ఉదయగిరి కోట. మన నెల్లూరు జిల్లా ఉదయగిరి ఎక్కడుందబ్బా అని వేలితో కిందికి తోసుకుంటూ పోవాల్సొచ్చింది.

ఆత్మకూరు సంగతి ఇంకా తమాషా. నంద్యాల జిల్లాలో ఒక ఆత్మకూరు, అనంతపురం జిల్లాలో ఒకటి, తెలంగాణలో వనపర్తి జిల్లాలో ఒకటి, హనుమకొండ జిల్లాలో ఇంకొకటి. మా చుట్టాలబ్బాయి ఒకడు శ్రీశైలం దారిలో ఉండే ఆత్మకూరు బస్సు టైమింగులు చూసుకుని, నెల్లూరు బస్టాండులో రెండు గంటలు కూర్చున్నాడు. ఇప్పుడు చెప్తుంటే నవ్వొస్తది. రాత్రిపూట ఆస్పత్రి నంబరు కోసం వెతికినప్పుడు ఇట్టా జరిగితే మాత్రం నవ్వు రాదు.

వెతికేవాళ్లకు మన పేజీ పైన కనపడేలా రాసుకోవడాన్నే ఎస్ఈవో అంటారు. ఇదేదో కంప్యూటర్ వాళ్ల విద్య అనుకుంటాం గానీ, ఒకే పేరున్న ఊళ్ల గొడవ ఇంటర్నెట్‌తో మొదలైంది కాదు. విజయనగర కాలపు దానశాసనాలు చూడండి. ఊరి పేరు ఒక్కటే చెక్కి వదిలేయరు. ఫలానా రాజ్యంలో, ఫలానా సీమలో, ఫలానా గ్రామం అని వరసగా చెక్కుతారు. ఉదయగిరి రాజ్యం అన్న మాట మనకు అట్టా దొరికిందే. రాయి ఎక్కడికి పోయినా దాని అడ్రస్ దానిమీదే ఉంటుంది. దానం ఇచ్చిన పొలం ఏ ఊరిదో వందేళ్ల తర్వాత తగాదా రాకూడదు కదా, అందుకని.

తర్వాత ఇంగ్లీషు దొరల కాలం. 1882లో రాబర్ట్ సీవెల్ మద్రాసు ప్రెసిడెన్సీలోని పురాతన కట్టడాల జాబితా అచ్చువేశాడు. జిల్లా, తాలూకా, ఊరు, పక్కనే ఎన్ని మైళ్లు, ఏ దిక్కు అని రాసుకుంటూ పోయాడు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి కలిసి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా తెచ్చారు. అందులో శాసనాలను తాలూకాల వారీగా పెట్టి నంబర్లు వేశారు. ఇప్పటికీ చరిత్రకారులు ఉదయగిరి ఇన్నో నంబరు, ఆత్మకూరు ఇన్నో నంబరు అనే చెప్తారు. మనం ఇవాళ పేజీ టైటిల్‌లో పెట్టాల్సింది కూడా అదే.

మరి సెర్చ్ ఇంజిన్లు ఏం చూస్తాయి? 1995లో ఆల్టావిస్టా వచ్చిన రోజుల్లో పేజీలో ఉన్న మాటలే ముఖ్యం. దాంతో జనం తెలివి మీరారు. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాల్లాగా కనపడకుండా ఒకే మాటను వందసార్లు రాసి పెట్టేవాళ్లు. 1998లో గూగుల్ వచ్చి లెక్క మార్చింది. నీ గురించి నువ్వు ఏం చెప్పుకున్నావన్నది ఒక్కటే కాదు, నీ పేజీకి ఎవరెవరు లింక్ ఇచ్చారు, ఆ ఇచ్చినవాళ్ల విలువెంత అని కూడా చూసింది. పేజ్‌ర్యాంక్ అంటే అదే.

ఇక్కడే మనకు ఒక అవకాశం ఉంది, దాన్ని మనం వాడుకోలేదు. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ఉదయగిరి కోటను ముట్టడించి, గజపతుల నుంచి 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి, 1515లో కృష్ణాలయంలో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. హంపి మీద రాసేవాళ్లలో చాలామంది ఈ కథ చెప్తారు. ఉదయగిరి అన్న మాట దగ్గర మన కోట పేజీకి లింక్ ఇవ్వాలంటే, ఇవ్వదగ్గ పేజీ ముందు మన దగ్గర ఉండాలి కదా! పోనీ గజపతుల పేరు కలిపి వెతుకుదామంటే వాళ్లు ఒడిశా రాజులాయె, సెర్చ్ మళ్లీ భువనేశ్వర్ వైపే లాగుతుంది.

తెలుగులో రాసిన పేజీలు ఏమయ్యాయి అంటారా? ఆ కథ చెప్పాలంటే కొంచెం బాధే. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ మన పత్రికల సైట్లు చాలా ఏళ్లు ఎవరి సొంత ఫాంటు వాళ్లే వాడాయి. ఫాంటు దించుకుంటే తెరమీద చక్కటి తెలుగు కనపడేది. లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా ఉండేవి. సెర్చ్ ఇంజిన్ చదివేది ఆ లోపలిదాన్నే. మన తాలూకాల కరువు వార్తలు, తిరునాళ్ల వార్తలు అట్టా రాసినవన్నీ ఉండీ లేనట్టే అయ్యాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది, తర్వాత లేఖిని లాంటి పనిముట్లు వచ్చాయి, అప్పటినుంచి యూనికోడ్ తెలుగు పెరిగింది. ఇప్పుడేమో మళ్లీ వెనక్కి పోతున్నాం. విషయమంతా ఫొటో మీద రాసి వాట్సాప్‌లో తిప్పుతున్నాం. వాట్సాప్ గ్రూపులోకి గూగుల్ రాదు బాబూ. ఈ వీడియోకి కింద పూర్తి పాఠం పెడుతున్నది కూడా అందుకే.

ఇంకో చిక్కు జిల్లాల పేర్లది. 2008లో మన జిల్లా శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు అయింది. వనపర్తి ఆత్మకూరు 2016 దాకా మహబూబ్‌నగర్‌లో ఉండేది. నంద్యాల ఆత్మకూరు 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లాది. పాత పేజీల్లో పాత జిల్లాలే ఉంటాయి. అందుకని జిల్లా పేరుతో పాటు పక్కన మారని గుర్తు ఒకటి చెప్పాలి. మన ఆత్మకూరుకైతే సోమశిల, పెన్నా. ఇంగ్లీషులో స్పెల్లింగులు కూడా రెండుమూడు ఉన్నాయి, చివర యు పెట్టేవాళ్లు, టి పక్కన హెచ్ పెట్టేవాళ్లు. అవన్నీ టైటిల్లో కుక్కొద్దు. పేజీలో సందర్భం వచ్చినచోట ఒక్కోసారి రాస్తే చాలు.

ఉదయగిరి చెక్క చెంచాలు తెలుసుగా? వాటికి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్ ఉంది. అంటే చట్టం ఆ ఊరి పేరుకే విలువ కట్టింది. ఈమధ్య ఆ చెంచాలు అమ్మే ఒకాయన పేజీ చూశాను. ఫొటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి. పేరు, ధర, ఫోన్ నంబరు అన్నీ ఫొటో లోపలే. టైటిల్ దగ్గర "హోమ్" అని ఉంది. "అన్నా, ఇక్కడ ఉదయగిరి చెక్క చెంచాలు, నెల్లూరు జిల్లా అని రాయన్నా" అంటే, "మా ఊరు ఎవరికి తెలీదు తమ్ముడూ" అన్నాడు. పక్కన కూర్చుని ఫోన్‌లో వెతికి చూపించా. ఒడిశా గుహలు చూసి కాసేపు మాట్లాడలా. తర్వాత ఇద్దరం కూర్చుని ఏ కర్రతో చేస్తారు, ఎట్టా కడగాలి, ఎన్నాళ్లు మన్నుతుంది అన్నీ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ టైప్ చేశాం, ఫోన్‌లోనే. కొనేవాళ్లు రోజూ అడిగే ప్రశ్నలే అవి.

సరే, ఉంటాను. ఈసారి మీ ఊరి గురించి రెండు ముక్కలు రాసేటప్పుడు, మీది ఆత్మకూరైతే, ఏ ఆత్మకూరో కూడా రాయండి మరి.