నార బలానికి కొలత ఏది? తాడు పరీక్షల నుండి గోడ పరీక్షల దాకా

1. ఉపోద్ఘాతం

మట్టిలో గడ్డి కలిపి తొక్కడం తెలుగు పల్లెల్లో గోడ కట్టే పనిలో తొలిమెట్టు. బంకమన్ను ఎండేటప్పుడు కుదించుకుపోయి బీటలు వారుతుంది. దానిలో కలిసిన గడ్డిపోచ ఆ బీటకు అడ్డంగా నిలిచి రెండు అంచులనూ పట్టి ఉంచుతుంది. సిమెంటులో కలిపిన పీచు చేసే పని కూడా ఇదే. అయితే ఏ నార బలమైనదనే ప్రశ్నకు గత రెండు శతాబ్దాలలో లభించిన సమాధానాలు ఒకదానితో ఒకటి పొసగవు. 19వ శతాబ్దపు మద్రాసు ప్రెసిడెన్సీ పరీక్షలో అట్టడుగున నిలిచిన కొబ్బరి పీచు, 2005లో వెలువడిన పుదుచ్చేరి పరిశోధనలో అగ్రస్థానం పొందింది. ఈ తారుమారుకు కారణం నార గుణం మారడం కాదనీ, పరీక్ష అడిగిన ప్రశ్న మారడమనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నౌకల అవసరం, తాళ్ళ పరీక్ష

18వ శతాబ్దం చివరినాటికి బ్రిటిష్ నౌకాదళం తన తాళ్ళకు ప్రధానంగా రష్యా నుండి వచ్చే హెంపుపై ఆధారపడింది. గంజాయి జాతి మొక్క నుండి తీసే ఈ నారకు యుద్ధకాలంలో కొరత ఏర్పడవచ్చుననే భయం వల్ల, దానికి బదులు రాగల నారలను భారతదేశంలో వెదికే ప్రయత్నం మొదలైంది. ఆ వెదుకులాటలో ముఖ్యుడు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి, 1781 నుండి గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో ఉండి, ఇక్కడి మొక్కలను వాటి తెలుగు పేర్లతో సహా నమోదు చేసినవాడు ఆయన. 1793లో కలకత్తా వృక్షోద్యాన బాధ్యత స్వీకరించిన తరువాత నార మొక్కలను పెంచి, వాటి తాళ్ళను పరీక్షించాడు.

ఆయన పరీక్షా విధానంలో ఒక విశేషం ఉంది. తాడును పొడిగా ఉన్నప్పుడు తెంచి చూడడంతో ఆయన ఆగలేదు. తోళ్ళు ఊనే కషాయం పట్టించిన తాడును, తారు పూసిన తాడును కూడా పరీక్షించాడు. కొన్ని తాళ్ళను నిలవనీటిలో 116 రోజులు నానబెట్టి మళ్ళీ తెంచి చూశాడు. ఆ నీటిలో ఇంగ్లీషు హెంపు కుళ్ళిపోగా, కొబ్బరి పీచు తాడు కొంత బలం కోల్పోయినా నిలిచింది. సముద్రంలో వాడే తాడుకు పొడి బలం ఒక్కటే చాలదనే గ్రహింపు ఈ పద్ధతిలో కనిపిస్తుంది.

జాన్ ఫోర్బ్స్ రాయిల్ 1855లో భారతదేశపు నార మొక్కలపై గ్రంథం ప్రచురించేనాటికి క్రిమియా యుద్ధం జరుగుతోంది. రష్యా హెంపు సమస్య మళ్ళీ ముందుకు వచ్చిన కాలమది. మద్రాసు ప్రెసిడెన్సీలో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ జరిపిన పరీక్షల ఫలితాలను ఆ గ్రంథం భద్రపరిచింది. వాటి ప్రకారం తాళ్ళు తెగిన బరువులు ఇవి: జిల్లేడు 552 పౌన్లు, జనుము 407, కిత్తనార 362, పత్తి 346, చాగనార 316, గోగు 290, కొబ్బరి పీచు 224. తరువాతి కాలపు రచనలలో ఈ పట్టిక విరివిగా ఉదాహృతమైంది. లాగితే ఎంత బరువుకు తెగుతుందన్న ఒక్క ప్రశ్నకు ఇది జవాబు. ఆ ప్రశ్న నౌకాదళానిది, గోడ కట్టే మేస్త్రిది కాదు.

3. పేర్ల చిక్కు

ఈ పట్టికలను చదివేటప్పుడు పేర్ల విషయంలో జాగ్రత్త అవసరం. ఆంగ్లంలో హెంపు అనే మాట గంజాయి జాతికి చెందినదైనా, జనుముకూ చాగకూ కూడా ఏదో ఒక విశేషణంతో అది అంటుకుంది. తెలుగులో ‘జనపనార’ అనే మాట జనుము నుండి పుట్టినదే అయినా, నేటి వాడుకలో అది ఎక్కువగా గోనెసంచుల జూట్‌ను సూచిస్తుంది. ఉత్తరాంధ్ర మిల్లులకు వెళ్ళే గోగునార, గోంగూరను ఇచ్చే గోగు జాతి మొక్కలకు సంబంధించినది. పేరు ఒకటే అయినంత మాత్రాన నార ఒకటే అనుకుంటే, ఒక మొక్క కొలతను మరొక మొక్కకు అంటగట్టినట్లవుతుంది.

4. తాడు నుండి గోడకు

మట్టిగోడలో నార చిరకాలం నిలవగలదనడానికి ఎల్లోరా గుహలు సాక్ష్యం. అక్కడి మట్టి గిలాబులో హెంపు ముక్కలు కలిసి ఉన్నాయని రాజ్‌దేవ్ సింగ్, ఎం. ఎం. సర్దేశాయి 2016లో ప్రకటించారు. సిమెంటు స్వభావం వేరు. దాని సూక్ష్మరంధ్రాలలోని నీరు తీవ్రమైన క్షారం. అది నారలోని లిగ్నిన్‌ను, హెమీసెల్యులోజ్‌ను కరిగించి, కణాలను కలిపి ఉంచే బంధాన్ని తెంచుతుంది. స్వీడన్‌కు చెందిన గ్రామ్ 1983లో సిసల్ నారపై జరిపిన అధ్యయనంలో ఈ క్రమాన్ని వివరించాడు. కొత్తగా ఉన్నప్పుడు దెబ్బకు తట్టుకున్న పలక, తడిసి ఆరే వాతావరణంలో కాలక్రమేణా పెళుసుబారుతుంది. ఆ పలక పేదవాడి ఇంటికి పైకప్పు అయినప్పుడు, తొలిరోజు బలాన్ని మాత్రమే కొలిచిన పరీక్ష ప్రమాదకరమైన భరోసా ఇస్తుంది.

పుదుచ్చేరికి చెందిన జి. రామకృష్ణ, టి. సుందరరాజన్ కొబ్బరి, సిసల్, జూట్, గోగు నారలను సిమెంటు గచ్చు పలకలలో కలిపి, బరువు జారవిడిచి పరీక్షించారు. నార కలిపిన పలకలు, కలపని పలకలకన్నా 3 నుండి 18 రెట్లు అధికంగా దెబ్బను తట్టుకున్నాయి. వాటిలో కొబ్బరి పీచు పలకలు ఉత్తమంగా నిలిచాయి. ఆ నారలనే నీటిలో, సున్నపు తేటలో, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో 60 రోజులు ఉంచినప్పుడు అన్నీ బలం కోల్పోయాయి. తొలి బలంలో ఎక్కువ శాతాన్ని నిలుపుకొన్నది మాత్రం కొబ్బరి పీచే.

వైట్ పట్టికలో గోగు కన్నా వెనుక ఉన్న కొబ్బరి పీచు ఇక్కడ ముందుకు రావడం వింత కాదు. అది తక్కువ బరువుకే తెగినా, తెగేముందు ఇతర నారలకన్నా ఎన్నో రెట్లు సాగుతుంది. దెబ్బలోని శక్తిని మింగేది ఆ సాగుడు గుణమే. వైట్ కొలిచినది తెగిన బరువు, పుదుచ్చేరి పరిశోధకులు కొలిచినది మింగిన శక్తి.

అయితే కొబ్బరి పీచును సర్వోత్తమంగా ప్రకటించడం కూడా తొందరపాటే. బ్రెజిల్‌లో తొలేదొ ఫిల్యొ బృందం 2000లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో 420 రోజుల తరువాత సిసల్ 72.7 శాతం బలాన్ని నిలుపుకోగా, కొబ్బరి పీచు 60.9 శాతమే నిలుపుకొంది. కాల్షియం హైడ్రాక్సైడ్ ద్రావణంలోనైతే 300 రోజులకే రెండింటి బలమూ పూర్తిగా నశించింది. ద్రావణం, గడువు మారితే వరుస కూడా మారుతుందన్నమాట. సిమెంటులో కొంతభాగానికి బదులు సిలికా ధూళి వంటివి వాడి క్షారాన్ని తగ్గించే మార్గాన్ని ఆ బృందం పరిశీలించింది. నారను మార్చడం కన్నా నార ఉండే పరిసరాన్ని మార్చే ఆలోచన ఇది.

5. ముగింపు

రాక్స్‌బర్గ్ నిలవనీటి పరీక్షలోనూ, రెండు శతాబ్దాల తరువాతి సున్నపు తేట పరీక్షలోనూ ఉన్న సూత్రం ఒక్కటే: నారను అది పనిచేయవలసిన చోటనే, ఉండవలసినంత కాలం ఉంచి కొలవాలి. వైట్ పట్టిక తప్పు కాదు. అది తాడుకు వేసిన కొలత. దానినే గోడకు ప్రమాణంగా తీసుకోవడం తప్పు. అందువల్ల పాత పట్టికలను ఉదాహరించే పరిశోధకులు అంకెతోపాటు మూడు వివరాలను తప్పక నమోదు చేయాలి: ఏ మొక్క, ఏ పరిసరం, ఎంత కాలం. ఈ మూడూ లేని అంకె నారను గురించి చెప్పేది చాలా తక్కువ.