రెంజల్ బాటలు – మోటారు సైకిలు టైర్లు

మన సంఘం ప్రత్యేక సంచికకు రెంజల్ ప్రాంత చరిత్రను గురించి ఒక వ్యాసం వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. కందకుర్తి త్రివేణీ సంగమాన్ని గురించి, నిజాంసాగర్ కాలువలను గురించి, శక్కర్‌నగర్ ఫ్యాక్టరీని గురించి పెద్దలు ఇదివరకే ఎన్నో వ్రాశారు. అందుచేత నేను ఒక చిన్న వస్తువును ఎంచుకున్నాను. అది మోటారు సైకిలు టైరు. క్షేత్రస్థాయి ఉద్యోగిగా మూడు దశాబ్దాలకు పైగా ఈ పల్లెలు తిరిగినవాణ్ణి. మనలో చాలామంది ఉద్యోగ జీవితం రెండు టైర్ల మీదే నడిచిందంటే అతిశయోక్తి కాదు. టైరు ఎంతకాలం మన్నుతుంది, దేనివల్ల అరుగుతుంది అన్న ప్రశ్నకు వచ్చే జవాబులో మన రోడ్ల చరిత్ర, మన జీతాల చరిత్ర కూడా కలిసి ఉన్నాయి.

ఇనుప పట్టా నుండి గాలి చక్రానికి

మన ప్రాంతంలో మొదటి వాహనం ఎడ్లబండి. చెక్క చక్రానికి ఇనుప పట్టా ఉండేది. ఆ పట్టా తాను అరగడం తక్కువ, రోడ్డును అరగదీయడం ఎక్కువ. 1931లో నిజాంసాగర్ పూర్తయింది. 1937లో బోధన్ వద్ద నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమైంది. అప్పటినుండి చెరుకు బండ్ల రాకపోకలు పెరిగాయి. కంకర రోడ్ల మీద ఇనుప పట్టాలు రెండు గాడులు కోసేవి. తరువాత రబ్బరు టైరు బండ్లు వచ్చాయి. ఎద్దుల మెడకు భారం తగ్గింది, రోడ్డుకు గాయం తగ్గింది. అయితే అరుగుదల ఎక్కడికీ పోలేదు. రోడ్డు నుండి టైరుకు మారింది, అంతే. రోడ్డును కాపాడి తాను అరగడమే రబ్బరు టైరు ధర్మం.

ఈ రబ్బరు కథ మన ఊళ్ళకు చాలా దూరంలో మొదలైంది. పచ్చి రబ్బరు ఎండకు సాగుతుంది, చలికి పగులుతుంది. 1839లో అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకం కలిపి వేడిచేస్తే గట్టిపడుతుందని కనుగొన్నాడు. 1845లో రాబర్ట్ థామ్సన్ గాలి టైరుకు పేటెంటు పొందాడు గాని అది వాడుకలో నిలవలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లోని పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్, కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం చేసిన ప్రయత్నం నుండి గాలి టైరును మళ్ళీ లోకానికిచ్చాడు. తొలినాళ్ళ టైర్లు తెల్లగా ఉండేవి. ఇరవయ్యో శతాబ్ది రెండవ దశాబ్దం నుండి రబ్బరులో కార్బన్ బ్లాక్ అనే నల్లని పొడిని విరివిగా కలపసాగారు. దానివల్ల టైరు మన్నిక ఎన్నో రెట్లు పెరిగింది. టైరు నల్లగా ఉండటానికి కారణం ఇదే.

మన దేశంలో తొలి టైర్ల ఫ్యాక్టరీని డన్‌లప్ కంపెనీ 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్ వద్ద నెలకొల్పింది. 1942లో మలయా జపాను చేతికి చిక్కడంతో ప్రపంచమంతటా రబ్బరుకు కరువు వచ్చింది. మద్రాసులో 1946లో బెలూన్ల తయారీతో మొదలైన ఎం.ఆర్.ఎఫ్. సంస్థ, 1960లలో టైర్లలోకి దిగి, తరువాతి కాలంలో మనకు దాపున సదాశివపేటలో ఫ్యాక్టరీ పెట్టింది. ఒకప్పుడు సముద్రాలు దాటి వచ్చిన వస్తువు ఈ విధంగా మన పొరుగు జిల్లాలో తయారవసాగింది.

మన బండ్లు

1955 నుండి మద్రాసులో బుల్లెట్, 1960లలో మైసూరులో జావా, ఆ దశాబ్దంలోనే రాజ్‌దూత్ తయారయ్యాయి. 1972లో బజాజ్ చేతక్ వచ్చింది. చేతక్‌కు రెండు చక్రాలూ ఒకే కొలత, పైగా స్టెప్నీ ఉండేది. మూడు టైర్లను వంతులవారీగా మార్చి వాడిన జాగ్రత్తపరులు మనలో ఉన్నారు. మోటారు సైకిలుకు ఆ వీలు లేదు. ముందు టైరు, వెనుక టైరు చాలా బండ్లలో వేరువేరు పనులకు వేరువేరుగా చేసినవి.

1985లో మండలాల వ్యవస్థ ఏర్పడింది. అదే సంవత్సరం హీరో హోండా సి.డి. 100 బజారులోకి వచ్చింది. ఈ రెండింటి కలయిక మన ఉద్యోగాల తీరునే మార్చివేసింది. అంతకుముందు బస్సు దిగి, సైకిలు మీదో కాలినడకనో వెళ్ళే సిబ్బంది, క్రమంగా బండి కొని ఒకే పూటలో నీలా, సాటాపూర్, దూపల్లి చుట్టి వచ్చేవారు. టి.ఏ. బిల్లు కోసం టూరు డైరీలో కిలోమీటర్లు వ్రాసేవాళ్ళం గనుక టైరు వయసు లెక్కకట్టడం నాకు సులభమైంది. మొరం బాటల కాలంలో నా వెనుక టైరు పదిహేను వేల కిలోమీటర్లు దాటి నిలిచిన జ్ఞాపకం లేదు. తారు రోడ్లు పడిన తరువాత అదే తరహా టైరు ఇరవై వేలు దాటింది. సామాన్యంగా వంద సీసీ బండికి వెనుక టైరు ఇరవై నుండి ముప్పై వేల కిలోమీటర్లు వస్తుంది, ముందుది మరికొంత ఎక్కువ వస్తుంది. అధిక శక్తి గల పెద్ద బండ్ల వెనుక టైరు పది వేలకే అరిగిపోవడం కద్దు.

ఎందుకు అరుగుతుంది?

వెనుక టైరే ముందు ఎందుకు అరుగుతుందని చాలామంది అడుగుతారు. ఇంజను బలం గొలుసు ద్వారా వెనుక చక్రానికే చేరుతుంది. రోడ్డును వెనక్కు తన్ని బండిని ముందుకు నెట్టేది అదే. వెనుక కూర్చున్న మనిషి, క్యారియరు మీది బస్తా, వాటి బరువు కూడా దానిమీదే. ముందు టైరు ముఖ్యంగా బ్రేకు వేసినప్పుడు అరుగుతుంది.

రెండవది గాలి. గాలి తక్కువైతే టైరు అంచులు నేలకు రాచుకుని అరుగుతాయి, పక్కగోడలు వంగి వంగి వేడెక్కుతాయి. గాలి ఎక్కువైతే నడిమి భాగమే అరిగి చారలా కనిపిస్తుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే నిజామాబాద్ ఎండలో కాలే తారు మీద ఈ రెండు లోపాలూ త్వరగా బయటపడతాయి. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలి. దూరం నడిచిన తరువాత చూస్తే వేడికి పొంగిన గాలి ఎక్కువ చూపిస్తుంది.

మూడవది రోడ్డు. మన నల్లరేగడి వానాకాలంలో చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య దట్టంగా పట్టి చక్రాన్ని ఆపివేసేది. పుల్లతో గీకి తీసుకుంటూ వెళ్ళేవాళ్ళం. చెరుకు కొట్టిన చేల గట్ల మీద మొద్దులు టైరు పక్కగోడను చీల్చేవి. కంచెల నుండి రాలిన తుమ్మముళ్ళు ట్యూబును పొడిచేవి. ఇవి అరుగుదల కిందికి రావు గాని టైరు ఆయుష్షును తగ్గించేవే. నాలుగవది నడిపే పద్ధతి. గబుక్కున వేగం పెంచి, గట్టిగా బ్రేకు వేసేవారి టైరుకు, నిదానంగా నడిపేవారి టైరుకు మన్నికలో ఎంతో తేడా ఉంటుంది. గొలుసు బిగించేటప్పుడు వెనుక చక్రం వంకరగా కూర్చుంటే టైరు ఒక పక్కే అరుగుతుంది.

బోడి టైరు ఖరీదు

ఇదంతా తెలిసి కూడా మేము బోడి టైర్ల మీద తిరిగాము. కారణం అందరికీ తెలిసినదే. చేతికందే ప్రయాణ భత్యం పెట్రోలుకే చాలేది కాదు. కొత్త టైరు కొనాలంటే పిల్లల ఫీజులో కోత పడేది. వచ్చే నెల చూద్దాం, డి.ఏ. బకాయిలు రానీ అంటూ రోజులు గడిపేవారు. టైరు మీది గాడులు అలంకారానికి కాదు. తడిరోడ్డు మీద టైరుకు, నేలకు మధ్య చేరిన నీటిని బయటికి తోసివేసే కాలువలవి. నిజాంసాగర్ కాలువల కింద వ్యవసాయం చూసిన మనకు పూడిన కాలువ ఏమి చేస్తుందో చెప్పనక్కరలేదు. గాడి లేనిచోట నీరు ఆగి, రబ్బరు నేలను పట్టుకోదు.

మా సహోద్యోగి ఒకరు ఒక వానాకాలం సాయంత్రం బోధన్ వైపు నుండి వస్తూ, గొడ్డు అడ్డం వస్తే బ్రేకు వేశారు. వెనుక చక్రం పక్కకు జారింది. తుంటి ఎముక విరిగింది. ఆ తరువాత ఆయన బండి ఎక్కలేదు, సర్వీసు ముగిసేదాకా కుంటుతూనే నడిచారు. మరునాడు నేను ఆ టైరును చూశాను. నడుమ వేలితో తడిమితే అరచేయిలా నున్నగా ఉంది. ఆసుపత్రి ఖర్చుతో అలాంటి టైర్లు ఎన్నో వచ్చేవి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ద్విచక్ర వాహనం టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటరుకు తగ్గకూడదు. అది చట్టం చెప్పే చివరి హద్దు. వానాకాలంలో అంతవరకు ఆగకపోవడమే వివేకం.

నేటి మన సమస్య

చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు బండ్ల బారులు జ్ఞాపకంగా మిగిలాయి. మనమూ పదవీ విరమణ చేశాము. ఇప్పుడు మన బండి పెన్షను రోజున బ్యాంకుకు, పొద్దున పాలకు, సాయంత్రం గుడికి మాత్రమే కదులుతుంది. టైరు అరగడం లేదని సంతోషిస్తాము. ఇక్కడే ప్రమాదం పొంచి ఉంది. సర్వీసులో ఉండగా మన టైర్లు అరిగి పోయేవి, ఇప్పుడు ముసలివై పోతున్నాయి. ఎండకు, గాలిలోని ఓజోనుకు రబ్బరు క్రమంగా గట్టిపడి, పక్కగోడల మీద సన్నని బీటలు వారుతుంది. గాడులు నిండుగా కనిపిస్తాయి గాని రబ్బరులో పట్టు ఉండదు. ఒకేచోట నెలల తరబడి గాలి లేక నిలిచిన టైరు మరింత త్వరగా చెడుతుంది.

టైరు పుట్టిన తేదీ దాని పక్కగోడ మీదే ఉంటుంది. చివర నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. అయిదేళ్ళు దాటితే ఏటా మెకానికుకు చూపించాలి. పదేళ్ళు దాటితే ఎంత కొత్తగా కనిపించినా తీసివేయాలి. దుకాణంలో కొనేటప్పుడు కూడా ఆ అంకెలు చూసే తీసుకోవాలి.

మిత్రులారా, ఆ రోజుల్లో టైరు మార్చకపోవడానికి డబ్బు లేదన్న కారణమైనా ఉండేది. నేడు మనలో చాలామందికి ఆ కారణం లేదు, విరిగిన ఎముక అతికే వయసు కూడా లేదు. ఈ సంచిక మడిచి పక్కన పెట్టి, వాకిట్లో ఉన్న బండి దగ్గరకు ఒకసారి వెళ్ళి ఆ నాలుగంకెలు చదవవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాను.