ప్రాసెసర్లలో విద్యుత్ నిర్వహణము: హైటెక్ సిటీ చిప్పుల రూపకల్పన

ప్రాసెసరు తాను గ్రహించు విద్యుత్తును ఎంత మితముగా వ్యయించి ఎంత అధికమైన గణనమును సాధింపగలదను విచారణకు ప్రాసెసర్ విద్యుత్ నిర్వహణమని పేరు. 1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్సును ప్రారంభించిన పిమ్మట సాఫ్ట్‌వేరు పేరుతోనే ప్రసిద్ధిగాంచిన హైదరాబాదు హైటెక్ సిటీ పరిసరములందు కాలక్రమమున క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్విడియా సంస్థల చిప్పు రూపకల్పన కేంద్రములును, 2019 డిసెంబరులో ఇంటెల్ వారి కేంద్రమును వెలసినవి. సిలికాను పలక ఇచ్చట తయారు కాదు. దానిపై ఏమి చెక్కవలెనో నిర్ణయించు పనిలో గణనీయమైన భాగము మాత్రము ఇచ్చట జరుగుచున్నది.

ట్రాన్సిస్టర్లు మార్పుచెందునపుడు సెకనుకు ఖర్చగు శక్తి వోల్టేజి యొక్క వర్గమునకును, క్లాకు వేగమునకును అనులోమముగా నుండును. వేగమును తగ్గించినచో వోల్టేజిని గూడ తగ్గింప వీలగును గనుక రెంటిని పదేసి శాతము తగ్గించినంతనే ఈ వ్యయము ఇరువదియేడు శాతము పడిపోవును. పని ముగియుటకు పట్టు కాలమో, పదునొకండు శాతమే పెరుగును. ట్రాన్సిస్టరు చిన్నదైనకొలది వోల్టేజియు అదే నిష్పత్తిలో తగ్గుననియు, కావున చదరపు మిల్లీమీటరునకు వెలువడు వేడి పెరుగదనియు 1974లో రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు చూపిరి. మూడు దశాబ్దముల పాటు పరిశ్రమను నడిపిన ఆ సూత్రము, ఆగియున్న ట్రాన్సిస్టరు గుండ గూడ విద్యుత్తు కారిపోవు లీకేజీ దోషము ప్రబలుటతో నిలువలేకపోయినది. 2004లో ఇంటెల్ తన తేజస్ ప్రాసెసరును మధ్యలోనే విరమించుకొని బహుళ కోరుల మార్గము పట్టుటకు వేడియే ముఖ్యకారణము. నా అభిప్రాయమున ప్రాసెసర్ల చరిత్రలో అంతకుమించిన మలుపు లేదు. నాటినుండి రూపకర్తలు వేగమునకు ముందు వాట్లను లెక్కింపవలసి వచ్చినది.

ఆ లెక్కకు సాధనములు పలువిధములు. పనిలేని భాగమునకు క్లాకును ఆపుట క్లాక్ గేటింగ్. దీనివలన లీకేజీ ఆగదు. సరఫరానే తెంచివేయుట పవర్ గేటింగ్. దీనివలన లీకేజీ దాదాపు ఆగును గాని, ఆ భాగము తన స్థితిని మరచిపోవును, మేల్కొలుపుటకు కాలమును, కొంత శక్తియు పట్టును. హైటెక్ సిటీ ఇంజనీర్లకు నిత్యము తలనొప్పి కలిగించునది ఈ రెండవదే. చిప్పును పవర్ డొమైన్లుగా విభజించి, ఏ డొమైను ఎప్పుడు ఆరవలెనో, ఆరినదాని నుండి వెలుగుచున్న దానిలోనికి అర్థరహితమైన సంకేతములు పోకుండ ఎచ్చట ఐసొలేషన్ సెల్లులు పెట్టవలెనో, ఏ విలువలను రిటెన్షన్ ఫ్లాపులలో దాచవలెనో యూపీఎఫ్ అను ప్రమాణభాషలో వ్రాసి, ఆ వ్రాతకు అనుగుణముగా చిప్పు సరిగా నడచునో లేదో సిమ్యులేషన్లతో పరీక్షింతురు. ఒక్క ఐసొలేషన్ సెల్లు మరచినను, లక్షల పరీక్షలలో కానరాని దోషము కొనుగోలుదారుని చేతిలో బయటపడవచ్చును. ఈ పనిని గూర్చి ఎవ్వరును ప్రకటనలు వేయరు.

హైదరాబాదు రూపకర్తలు ఈ విద్యను స్వతంత్రముగా చాటిన సందర్భము ఇనెడా సిస్టమ్స్ సంస్థది. పూర్వము భారతదేశమున ఏఎండీకి నాయకత్వము వహించిన దశరథ గుడె స్థాపించిన ఈ సంస్థ, చేతికి ధరించు ఉపకరణముల కొరకు 2014లో ధనుష్ అను చిప్పుల శ్రేణిని ప్రకటించినది. ఒకే శక్తిమంతమైన ప్రాసెసరును నిదురబుచ్చి లేపుటకు మారుగా, అంతస్తులుగా అమర్చిన వేర్వేరు ప్రాసెసర్లలో అడుగులు లెక్కించుట వంటి స్వల్పకార్యమునకు అత్యల్పమైన దానినే మేల్కొలిపి తక్కినవానిని ఆర్పియుంచుట దాని విశేషము. పెద్ద కోరులను చిన్న కోరులతో జతపరచి 2011లో ఆర్మ్ ప్రకటించిన బిగ్‌.లిటిల్ పద్ధతికి ఇది సమీప బంధువే గాని, ఇందలి విభజన మరింత తీవ్రమైనది. 2019లో ఇనెడా ఇంజనీర్ల బృందము ఇంటెల్‌లో చేరినది.

ధరించు గడియారమునకు తగిన నియమము మహాప్రాసెసర్లకును వర్తించును గాని, వాటి సమస్య నిద్రకన్న మెలకువది. 2022 నవంబరులో వెలువడిన ఏఎండీ ఎపిక్ 9654లో 96 కోరులున్నవి. దాని డిఫాల్ట్ వాట్ల పరిమితి 360. అట్టివి రెండు గల సర్వరులో ప్రాసెసర్లకే 720 వాట్లు. అదే నెలలో అమెజాన్ వెబ్ సర్వీసెస్ తన హైదరాబాదు క్లౌడ్ ప్రాంతమును డేటా సెంటర్లతో ప్రారంభించినది. అట్టి కేంద్రములలోని ప్రాసెసర్ల ఉష్ణోగ్రత పెరిగినకొలది లీకేజీ పెరుగును, లీకేజీ పెరిగినకొలది వేడి పెరుగును. మే నెలలో నలుబది డిగ్రీలు దాటు ఈ నగరమున చల్లదనమునకు వేరుగా వెచ్చింపవలసిన విద్యుత్తు ఉండనే యున్నది. అందువలన డేటా సెంటరు నిర్వాహకులు ప్రాసెసరుపై వాట్ల హద్దును తామే విధింపవచ్చును. హద్దు కొంత తగ్గించినపుడు వేగము వోల్టేజితో గూడి దిగును గనుక పనితనము తగ్గినదానికన్న వ్యయము ఎక్కువగా తగ్గును, అదే ర్యాకులో మరికొన్ని సర్వర్లకు చోటు దొరకును.