ఆంధ్రదేశంలో బౌద్ధ విద్యార్థుల శీలశిక్షణ

ఆంధ్రదేశపు బౌద్ధ సంప్రదాయంలో చదువు, నడవడి, పరోపకారం కలిసే సాగాయి. ఇందుకు శాసనాలు, గ్రంథాలు, యాత్రికుల రాతలు ఆధారాలు.

ఎర్రగుడి శాసనాలు

కర్నూలు జిల్లా జొన్నగిరి సమీపంలోని ఎర్రగుడి బండలపై క్రీ.పూ. 3వ శతాబ్ది నాటి అశోకుని శాసనాలున్నాయి. భూగర్భ శాస్త్రవేత్త అను ఘోష్ 1929లో వీటిని వెలుగులోకి తెచ్చారు. తల్లిదండ్రుల మాట వినాలని, ప్రాణులపై దయ చూపాలని, సత్యం పలకాలని, శిష్యులు ఆచార్యుణ్ణి గౌరవించాలని చిన్న శిలాశాసనం చెబుతుంది. ఈ ధర్మాన్ని బోధించాల్సినవారిలో మావటీలు, లేఖకులు, బ్రాహ్మణ గురువులు కూడా ఉన్నారు. కనుక ఇది భిక్షువులకే పరిమితమైన నియమం కాదు. ఇక్కడే ఉన్న మరో శాసనం మనుషులకూ పశువులకూ వైద్యం, దారుల వెంట బావులు, చెట్లు ఏర్పాటు చేసిన సంగతి చెబుతుంది.

విహార విద్య

విహారంలో చేరిన శ్రామణేరుడు, అంటే ఇంకా పూర్తి భిక్షువు కాని శిష్యుడు, దశశీలాలు (పది నియమాలు) పాటించాలి. గురువుకు నీళ్లందించడం, ఆసనం వేయడం, భిక్షాపాత్ర కడగడం భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకం ప్రకారం శిష్యుని పనులు. శిష్యుడు జబ్బుపడితే గురువే సేవ చేయాలి. అతిసారంతో పడి ఉన్న భిక్షువును బుద్ధుడు, ఆయన శిష్యుడు ఆనందుడు స్వయంగా కడిగి శుభ్రం చేసిన ఉదంతం ఈ పిటకంలోనిదే.

ఇక్ష్వాకు రాజుల కాలంలో నాగార్జునకొండ విహారాలను ఎక్కువగా స్త్రీల దానాలు నిలబెట్టాయి. ఉపాసిక బోధిశ్రీ సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. చెరువు కూడా తవ్వించింది.

నాగార్జునుని లేఖ

ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసినట్టు చెప్పే ‘సుహృల్లేఖ’ గృహస్థుకు దానం, శీలం, క్షమ బోధిస్తుంది. భారతదేశంలో విద్యార్థులు దీన్ని తొలిదశలోనే కంఠస్థం చేసేవారని 7వ శతాబ్దిలో ఇక్కడికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్ రాశాడు. ‘రత్నావళి’లో నాగార్జునుడు ఉపాధ్యాయుల జీవనోపాధి, రోగుల సంరక్షణ రాజు బాధ్యతలన్నాడు.

ఆధునిక కాలం

మధ్యయుగాల్లో విహారాలు క్షీణించడంతో ఈ విద్యా పరంపర తెగిపోయింది. శతాబ్దాల తర్వాత, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ బౌద్ధం స్వీకరించి, అనుచరులతో 22 ప్రతిజ్ఞలు చేయించారు. ప్రాణులన్నిటిపై కరుణ చూపడం, దొంగతనం, అబద్ధం, మద్యం మానడం వాటిలో ఉన్నాయి. ఈ ప్రతిజ్ఞలు గృహస్థుల కోసం చేసినవి కావడంతో, అంబేడ్కర్ బాటలో నడిచిన కుటుంబాల్లో పిల్లల శీలశిక్షణ తల్లిదండ్రుల చేతికి వచ్చింది.