కర్నలు సి.కె. నాయుడుగారు



మాది నల్లగొండ మండలమునందలి కట్టంగూరు. హైదరాబాదునుండి బెజవాడకు బోవు పెద్దబాట మీద నున్న యూరు. నేను బడిపంతులుగా నున్న దినములలో సాయంకాలమైనచో పిల్లలు ఊరిబయటి బీడులో తాటిమట్టను చెక్కి బ్యాటుగా జేసికొని బంతియాట లాడుచుండెడివారు. అప్పుడప్పుడు కలిగినయింటి బాలు డొకడు అంగడిలో గొన్న నిజమైన బ్యాటును తెచ్చును. ఇక నాడు వాడే కెప్టెను. వానికి ఆట వచ్చునా రాదా యని యడుగు వాడు లేడు. బ్యాటెవనిదో పెత్తనము వానిది!

ఈ న్యాయము పిల్లలది మాత్రమే యనుకొనరాదు. ఒకప్పుడు భారతదేశపు క్రికెట్టు జట్టునకును ఇదియే న్యాయముగా నుండెను. డబ్బుగల ప్రభువులు నాయకులు. ఆడగలవారు వారి వెనుక నడచువారు. ఆ న్యాయమును తన ప్రతాపముచే నొకసారి మార్చి, మరల దానికే గురియై, అయినను ఆటను విడువని తెలుగువాని చరిత్రమును నేడు మీకు విన్నవించెదను.

కొట్టారి కనకయ్య నాయుడుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపురమున జన్మించిరి. వారిది అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబము. తాతగారు న్యాయవాది. తండ్రి సూర్యప్రకాశరావుగారు ఇంగ్లండులో న్యాయశాస్త్రము చదివి వచ్చినవారు. పరసీమలో పెరిగినను తెలుగు ఇంటిపేరును వారు విడువలేదు. లోకము మాత్రము ఆయనను ‘సి.కె.’ యని రెండక్షరములతోనే పిలిచెను.

ఆ కాలమున బొంబాయిలో మతములనుబట్టి జట్లు కట్టి యాడెడివారు. ఐరోపీయులు, పారసీలు, హిందువులు, ముసల్మానులు అని నాలుగు జట్లు. 1916లో నాయుడుగారు హిందువుల పక్షమున ఐరోపీయులపై తొలిసారి బరిలో దిగిరి.  79 పరుగులకే ఏడుగురు వెనుదిరిగియుండిరి. ఆ కష్టసమయమున వచ్చిన యువకుడు మూడు బంతుల నడ్డగించి, నాలుగవదానిని ఎల్లయవతలికి గొట్టి ఆరు పరుగులు గైకొనెను. బంతి నేలను దాకక ఎల్ల దాటినచో ఆరు పరుగులని మీ మనుమ లీపాటికే మీకు చెప్పియుందురు. మన చిర్రగోనెలో ఎంత దూరము గొట్టిన కొట్టినవాని కంత గౌరవము కదా! ఇదియు నట్టిదే.

1923లో ఇందూరు నేలు హోల్కరు మహారాజు తుకోజీరావుగారు ఆయనను తమ సంస్థానమునకు రప్పించి సైన్యమున కెప్టెను ఉద్యోగ మిచ్చిరి. కర్నలను బిరుదము పిదప వచ్చినది. గుణ మెరిగి నిలువనీడ కల్పించిన ప్రభువు లుండిరనుటకు ఇది యొక నిదర్శనము.

ఇక 1926వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీ. ఇంగ్లండునుండి ఆర్థరు గిల్లిగన్ నాయకత్వమున ఎం.సి.సి. జట్టు వచ్చినది. ఆట బొంబాయి జిమ్ఖానా మైదానమున. భారతీయులకు సభ్యత్వ మీయని క్లబ్బది. ఆ క్లబ్బు ముంగిటనే నాయుడుగారు రెండు గంటలైన పూర్తికాకమునుపే 153 పరుగులు చేసిరి. అందు పదునొకండు సిక్సర్లు, పదుమూడు ఫోర్లు. బంతి జిమ్ఖానా ఇంటికప్పు మీద సైతము పడినదట. వార్త నగరమంతట ప్రాకగా జనులు పనులు విడిచి వచ్చి చెట్ల మీదను మిద్దెల మీదను ఎక్కి చూచిరి. ఏలువారి బంతిని మనవాడు కప్పు మీదికి గొట్టుచుండగా చూచిన కన్నులకు అది యాటగా మాత్రమే తోచియుండునా? ప్రత్యర్థులే ఆయనకు వెండిబ్యాటు బహూకరించిరి. ఈ దేశము ఇంగ్లండుతో సరిగా నిలిచి యాడదగినదని గిల్లిగనుగారికి నమ్మకము కలిగినది. 1928 డిసెంబరులో భారత క్రికెట్టు బోర్డు స్థాపితమైనది.

1932లో మన దేశమునకు మొదటి టెస్టు పందెమాడు యోగము పట్టినది. ఇంగ్లండునకు బోయిన జట్టునకు పోరుబందరు మహారాజుగారు నాయకులు, లింబిడి రాజకుమారులు ఉపనాయకులు. యోగ్యత చూచి యిచ్చిన పదవులు కావవి. అయితే పోరుబందరు మహారాజుగారు తమ శక్తి తా మెరిగినవారు. టెస్టునందు తాము తొలగి నాయుడుగారిని ముందు నిలిపిరి. ఉపనాయకులును ఆడలేదు. అట్లు జూన్ 25వ తేదీన లండను నగరమున లార్డ్సు మైదానమున భారతదేశపు ప్రథమ టెస్టు నాయకుడుగా తెలుగువాడు నడచిపోయెను.

ఎదుట డగ్లసు జార్డిన్ నాయకత్వమున మహాబలమైన జట్టు. అయినను మనవారు 19 పరుగులకే ముగ్గురిని వెనుకకు బంపిరి. మహమ్మదు నిస్సారుగారి వేగమునకు ఆ ఇన్నింగ్సున ఐదు వికెట్లు పడినవి. నాయుడుగారు బంతిని పట్టబోయి చేతికి దెబ్బ తగిలించుకొనియు 40 పరుగులు చేసిరి. మొదటి ఇన్నింగ్సున మన జట్టులో నంతకు మించి చేసినవాడు లేడు. తుదకు 158 పరుగుల తేడాతో ఓటమి కలిగినది. కాని అది తలవంచుకొను ఓటమి కాదు. ఆ పర్యటనలో ఆయన 1,618 పరుగులు చేసి 65 వికెట్లు పడగొట్టిరి. మరుసటి యేడు ఇంగ్లండులోని విస్డెన్ వార్షికము ఆ యేటి మేటి యాటగాండ్రయిదుగురిలో ఆయన నొకరిగా నెన్నుకొన్నది. 1933-34లో ఆ జార్డినే జట్టుతో ఇక్కడికి వచ్చినపుడును మన నాయకుడు నాయుడుగారే.

ఇక 1936. మరల ఇంగ్లండు ప్రయాణము. ఈసారి నాయకత్వము విజయనగర మహారాజకుమారులకు లభించినది. వారును తెలుగు సీమ వంశీయులే. వారి సేవను కాదనరాదు. ప్రపంచప్రసిద్ధులగు హాబ్సు, సట్క్లిఫు గారలను తమ ఖర్చుతో ఈ దేశమునకు రప్పించి మనవారికి వారి యాట చూపించిన దాతలు. కాని దాతృత్వము వేరు, నాయకత్వము వేరు. మూడు టెస్టులలో వారు చేసిన పరుగులు మొత్తము 33. జట్టులో కక్షలు పుట్టినవి. అమరనాథు వంటి మేటి యాటగానిని నడుమనే ఇంటికి బంపివేసిరి. నాయుడుగారు నలుబదియేండ్ల ప్రాయమున తనకంటె చిన్నవాని క్రింద, తనకంటె తక్కువ యెరిగినవాని క్రింద ఆడవలసి వచ్చెను.

ఓవలు మైదానమున నాయుడుగారి తుది టెస్టు జరిగినది. గబ్బీ ఆలెన్ విసరిన బంతి వచ్చి ఆయన దేహమునకు గట్టిగా తగిలినది. చూచినవారు ఇక లేవడనుకొనిరి. ఆయన లేచిరి. 81 పరుగులు చేసిరి. పదవి పోయినందుకు ఆయన యిచ్చిన బదులు అదియే.

లెక్క చూచినచో ఏడు టెస్టులు, 350 పరుగులు మాత్రమే. ఒక శతకమైనను లేదు. గింజల లెక్కతో వానను కొలువగలమా? ఏబదవయేట హోల్కరు జట్టున 1945-46 రంజీ ఫైనలులో బరోడాపై 200 పరుగులు చేసి తన జట్టును గెలిపించిరి. ఏబదియారవయేట బొంబాయిలో ఫడ్కరుగారి బంతి నోటికి తగిలి రెండు పండ్లూడిపోగా, వానిని ప్రక్కకు దులిపివైచి ఆట సాగించిరి. 1953-54లో ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో క్రొత్తగా ప్రవేశించినపుడు దానికి నాయకత్వము వహించి, పితరుల ఋణము కొంత తీర్చుకొనిరి. 1956లో ప్రభుత్వము పద్మభూషణ బిరుద మిచ్చినది. ఆ పిదపను, అరువదియొక్క యేండ్లు నిండినవాడు ఉత్తరప్రదేశపు జట్టున ఆడి యర్ధశతకము చేసెను. 1967 నవంబరు 14వ తేదీన ఇందూరున కీర్తిశేషులైరి.

పెద్దలారా, ఈ కథను నేను చెప్పుటకు వేరొక కారణము గలదు. నేను పనిచేసిన యొక పాఠశాలలో చెడుగుడు జట్టును పోటీకి బంపవలసి వచ్చినది. గొఱ్ఱెలవారి పిల్లవా డొకడు కూతకు బోయినచో పట్టువాడు లేడు. అయినను ఊరి పెద్దయాసామి బడికి సున్నము వేయించెనను మొగమోటముచే, నేను ఆయన కుమారునికి కెప్టెను పదవి కట్టబెట్టితిని. ఆ పిల్లవాడు నన్నేమియు ననలేదు. బరిలో నలుగురి పని తా నొక్కడే చేసెను. తిరిగి వచ్చునపుడు బస్సులో నా ప్రక్కన గూర్చుండి, “సారూ, నేనెప్పుడన్న కెప్టెన్నయితనా?” అని యడిగెను. నాకు నోట మాట రాలేదు. మరుసటి యేడు వాడు బడికి రాలేదు, గొఱ్ఱెల వెంట బోయెను. చదివిన శాస్త్రములన్నియు ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పుటకు నాకు తోడురాలేదు.

ఇందూరు ప్రభువు యోగ్యుని చేరదీసెను. పోరుబందరు ప్రభువు యోగ్యునికై తాను తొలగెను. 1936లో అధికారము యోగ్యుని త్రోసి ముందు నిలిచెను. ఈ మూడు మార్గములును ప్రతి యూరిలోను, పెద్దరికము వహించిన ప్రతివాని యెదుటను ఉన్నవి. బడిలోనైనను, గుడి కమిటీలోనైనను, చెరువు పనిలోనైనను ఒకనిని ముందు నిలుపవలసిన సమయము వచ్చినపుడు, బ్యాటెవనిదని కాక ఆట యెవనిదని యడుగుడు. నే నడుగవలసినప్పుడు అడుగలేదు. మీరైన నడుగుదురని నా యాశ.